కొత్త ఎస్‌ఎంపీఎస్ వేశాక డోర్లు మూస్తే సిస్టం ఆన్ కావడం లేదు, కరెంటు పోతే యూపీఎస్ ఉన్నా ఆగిపోతోంది

వంశధార_గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నరసన్నపేటలో నాకు ఒక చిన్న డీటీపీ, జిరాక్సు దుకాణం ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, విద్యార్థుల ప్రాజెక్టు రికార్డులే జీవనాధారం కాబట్టి, ఉన్న ఒక్క సిస్టం మూలపడితే ఆ రోజు దుకాణం తెరిచినా మూసినా ఒకటే. ఈ సిస్టాన్ని 2019లో శ్రీకాకుళంలో అసెంబుల్ చేయించాను. తొమ్మిదో తరం ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ ఉన్న ఒక ఎస్‌ఎస్‌డీ, పాత పార్టీల ఫైళ్లు దాచుకునే రెండు హార్డ్ డిస్కులు ఇందులో ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

మూడు వారాల క్రితం ఒక సాయంత్రం కరెంటు వరసగా మూడుసార్లు పోయి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు క్యాబినెట్ వెనుక నుంచి టప్పుమని శబ్దం, దాని వెంటే కాలిన వాసన వచ్చాయి. క్యాబినెట్‌తో పాటు ఇచ్చిన పాత ఎస్‌ఎంపీఎస్, అంటే సీపీయూలోని భాగాలన్నింటికీ కరెంటు అందించే డబ్బా, అంతటితో పోయింది. దాని మీద 450 వాట్లని రాసి ఉండేది, వెనుక 115, 230 అని మార్చుకునే ఎర్ర స్విచ్ ఒకటి ఉండేది. దాని స్థానంలో కరెంటు వృథా తక్కువని చెప్పే బ్రాంజ్ ముద్ర ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించి, వీడియోలు చూసి నేనే బిగించాను. మదర్‌బోర్డుకు 24 పిన్నుల ప్లగ్గును, ప్రాసెసర్ పక్కన నాలుగూ నాలుగూ కలిసే ప్లగ్గును గట్టిగా చివరిదాకా నొక్కాను. హార్డ్ డిస్కులు ఉన్న చోటికి కొత్తదాని సాటా ప్లగ్గులు (డిస్కులకు కరెంటు ఇచ్చేవి) అందకపోవడంతో, పాతదానికి వాడుతున్న వై కేబులునే, అంటే నాలుగు పిన్నుల పెద్ద ప్లగ్గు నుంచి రెండు సాటా ప్లగ్గులు తీసే ముక్కనే మళ్లీ తగిలించాను.

ఇప్పుడు రెండు ఇబ్బందులు ఉన్నాయి. డోర్లు తీసి సీపీయూను బల్ల మీద పడుకోబెట్టి ఆన్ చేస్తే ప్రతిసారీ లేస్తుంది, గంటలకొద్దీ నడుస్తుంది. డోర్లు బిగించి, బల్ల కింద దాని చోట నిలబెట్టి బటన్ నొక్కితే మాత్రం ఫ్యాను ఉలిక్కిపడినట్టు ఒక్కసారి కదిలి, లైటు మెరిసి ఆరిపోతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. వెనుక స్విచ్ ఆపి ఒక నిమిషం ఆగి మళ్లీ వేస్తే ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి లేవదు. ఇక్కడి మెకానిక్ దగ్గరకు రెండుసార్లు మోసుకెళ్లాను. ఆయన డోర్లు తీయగానే అది బుద్ధిగా నడిచింది. ఎస్‌ఎంపీఎస్ వీక్ అయి ఉంటుందని, 650 వాట్లది వేయించుకోమని ఆయన చెప్పారు.

రెండో ఇబ్బంది యూపీఎస్‌తో వచ్చింది. సిస్టం నడుస్తుండగా కరెంటు పోతే, మానిటర్ వెలుగుతూనే ఉంటుంది గానీ సీపీయూ మాత్రం టక్కున ఆగిపోతుంది. రెండూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి. అది 600 వీఏ యూపీఎస్, బ్యాటరీ కిందటేడే మార్చాను. లేజర్ ప్రింటరును దాని మీద పెట్టలేదు. పాత ఎస్‌ఎంపీఎస్ ఉన్నన్నాళ్లూ ఈ బాధ ఒక్కనాడూ లేదు.

నేను చేసిన పరీక్ష ఒక్కటే. ఎస్‌ఎంపీఎస్‌ను బయటకు తీసి, పేపర్ క్లిప్పుతో ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే దాని ఫ్యాను తిరిగింది. అప్పుడే మరొకటి కూడా గమనించాను: 24 పిన్నుల ప్లగ్గులో ఒక గుంటలో అసలు వైరే లేదు. ఇది తయారీ లోపమా? వాపసు ఇవ్వడానికి ఇంకా మూడు రోజుల గడువు ఉంది. పంపేయమంటారా? రథసప్తమి కరపత్రాల పని నెత్తి మీద ఉంది కాబట్టి అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


రాజాం_నెట్

వాపసు ఇచ్చేయండి. ఆన్‌లైన్‌లో వచ్చేవాటిలో కొన్ని ఇలాగే ఉంటాయి. దగ్గరలోని దుకాణంలో కొంటే కనీసం ఎదురుగా బిగించి చూపిస్తారు. సాటా ప్లగ్గులు అందడం లేదన్నారు కదా, నా దగ్గర పాడైన మరో కంపెనీ మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసుకునే రకం) ఎస్‌ఎంపీఎస్ తాలూకు పొడవాటి సాటా కేబుళ్లు రెండు ఊరికే పడి ఉన్నాయి. కావాలంటే బస్సులో పంపిస్తాను.


సోల్డరింగ్_కడ్డీ

నరసన్నపేట మిత్రులకు నమస్కారం. శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా ఈ రిపేర్ల పనిలోనే ఉన్నాను. మూడు రోజుల గడువు చాలినంత ఉంది కాబట్టి ఇవాళే వాపసు ఇవ్వకండి. రాజాం మిత్రుని ఆ కేబుళ్లను మాత్రం దయచేసి తెప్పించుకోకండి. ఆయన మంచి మనసుతోనే ఇస్తానన్నారు, కానీ మాడ్యులర్ కేబులుకు హార్డ్ డిస్కు వైపు కొస మాత్రమే అన్ని కంపెనీలకూ ఒకటిగా ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసలో ఏ పిన్నుకు ఏ వోల్టేజీ రావాలన్నది ప్రతి కంపెనీ తనకు తోచినట్టు పెట్టుకుంటుంది, ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే మారవచ్చు. ప్లగ్గు చక్కగా దూరుతుంది, కానీ 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్లి రెండు డిస్కులూ ఒకేసారి పోతాయి. అలా పెళ్లి ఆల్బములన్నీ పోగొట్టుకున్న ఒక ఫొటో స్టూడియో ఆయన నా దగ్గరకు వచ్చి కూర్చున్న రోజు నాకు ఇంకా గుర్తుంది.

ఖాళీ గుంట సంగతి ముందు తేల్చేద్దాం. అది 20వ పిన్ను అయితే లోపమేమీ కాదు. పూర్వం అక్కడ తెల్ల వైరు ఉండేది, మైనస్ 5 వోల్టులు ఇచ్చేది. దాని అవసరం తీరిపోవడంతో ప్రమాణం నుంచే తీసేశారు. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో ఆ గుంట ఖాళీగానే ఉంటుంది.

పేపర్ క్లిప్పు పరీక్షను తప్పని అనను గానీ, అది చెప్పేది చాలా తక్కువ. బండిని స్టాండు మీద వేసి యాక్సిలరేటర్ తిప్పితే చక్రం తిరుగుతుంది. అదే బండి ముగ్గురిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతుందో లేదో దానివల్ల తెలియదు.

వాట్ల మాటకు వస్తే, మీ ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది. హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లలో ఒక్కొక్కటి 20, 25 వాట్ల దాకా లాగినా, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, ఫ్యాన్లు, బోర్డు అన్నీ కలుపుకున్నా మీ సిస్టం 150 వాట్లు దాటదు. అటువంటి దానికి 550 వాట్లు చాలలేదంటే నేను నమ్మను, 650 వేసినా ఇదే జరుగుతుంది.

అసలు ఆచూకీ మీ ప్రశ్నలోనే ఉంది. ఫ్యాను ఒక్క ఉలుకు ఉలికి ఆగడం, ఆ తర్వాత బటన్‌కు పలకకపోవడం, వెనుక స్విచ్ ఆపి వేస్తేనే మళ్లీ ప్రయత్నించడం, ఈ మూడూ కలిస్తే అది షార్ట్ సర్క్యూట్ రక్షణ పనిచేస్తున్న గుర్తు. ఎస్‌ఎంపీఎస్ చచ్చిపోయి ఉంటే ఆ ఉలుకు కూడా ఉండదు. ప్రాసెసర్ ప్లగ్గు సరిగా కూర్చోకపోతే, నేను చూసిన వాటిలో ఎక్కువగా ఫ్యాన్లు తిరుగుతూనే ఉండి మానిటర్ మీద ఏమీ రాదు. మీ దగ్గర జరుగుతున్నది వేరు. బటన్ నొక్కగానే 12 వోల్టుల లైనో, 5 వోల్టుల లైనో ఎక్కడో నేరుగా నెగటివ్‌కు తగులుతోంది, ఎస్‌ఎంపీఎస్ దాన్ని గుర్తించి తనను తాను బిగించుకుని కూర్చుంటోంది. డోర్లు తీస్తే తగలడం లేదు, మూస్తే తగులుతోంది. అంటే డోరు దేన్నో నొక్కుతోంది.

కాబట్టి ఈ రాత్రికి చేయాల్సిన పని ఇది. ముందు మదర్‌బోర్డు కనిపించే వైపు డోరు ఒక్కటే బిగించి, వెనుక వైపుది తీసి ఉంచి ఐదారుసార్లు ఆన్ చేసి చూడండి. తర్వాత అటుది ఇటు మార్చి చూడండి. ఏ డోరు మూస్తే మొరాయిస్తుందో తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. నా అనుమానం వెనుక డోరు మీద, దాని వెనుక నలిగే ఆ వై కేబులు మీద ఉంది. దాని సాటా ప్లగ్గును దగ్గరగా చూడండి. వెనుక మూత విప్పితే వైర్లు ఒక్కొక్కటీ విడిగా పిన్నులోకి నొక్కి కనిపించే రకమైతే కొంత నయం. వైర్లన్నీ ఒకే ప్లాస్టిక్ ముద్దలో పోతపోసినట్టు ఉంటే దాన్ని నమ్మకూడదు, ఎందుకంటే ఆ ముద్ద లోపల వైరు పోగులు ఎంత దగ్గరగా ఉన్నాయో బయటికి కనిపించదు. ఏళ్ల తరబడి వేడెక్కి, వంగి వంగి, ఒకనాటికి పసుపు వైరు పోగు పక్కనున్న నల్ల వైరును తాకుతుంది.

మల్టీమీటర్ ఉంటే కొలతలు కూడా తీయండి. ప్లగ్గు మదర్‌బోర్డుకు ఉండగానే, వెనుక నుంచి మొన దూర్చి కొలవాలి. మీటర్ నల్ల మొన ఏదైనా నల్ల వైరు దగ్గర ఉంచండి. ఊదా రంగు వైరు దగ్గర సిస్టం ఆపి ఉన్నా సరే 5 వోల్టులు ఉండాలి. ఆకుపచ్చ వైరు దగ్గర బటన్ నొక్కక ముందు కొన్ని వోల్టులు ఉండి, నొక్కగానే దాదాపు సున్నాకు పడాలి. బూడిద రంగు వైరు దగ్గర ఆన్ అయిన వెంటనే సుమారు 5 వోల్టులు రావాలి. వోల్టేజీలన్నీ కుదురుకున్నాయని ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డుకు పంపే కబురు అది. పసుపు 11.4 నుంచి 12.6 లోపు, ఎరుపు 4.75 నుంచి 5.25 లోపు, నారింజ 3.14 నుంచి 3.47 లోపు ఉంటే చాలు. ఒక్కటి మాత్రం మరిచిపోకండి: ఎంత కుతూహలం ఉన్నా ఎస్‌ఎంపీఎస్ డబ్బాను విప్పవద్దు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

యూపీఎస్ గొడవ దీనితో సంబంధం లేనిదని నా అభిప్రాయం. దాని గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవారు ఇక్కడ ఉన్నారు.


గంటస్తంభం

విజయనగరం నుంచి రాస్తున్నాను. పాలిటెక్నిక్ విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి కొంచెం పాఠంలా సాగితే మన్నించండి.

మొదట, కరెంటు పోయినప్పుడు మానిటర్ వెలుగుతూనే ఉండడం మంచి ఆధారం. బ్యాటరీ బలహీనమై యూపీఎస్ చేతులెత్తేసి ఉంటే మానిటర్ కూడా ఆరిపోవాలి. అంటే యూపీఎస్ కరెంటు ఇస్తూనే ఉంది, ఆ కరెంటును మీ కొత్త ఎస్‌ఎంపీఎస్ ఒప్పుకోవడం లేదు.

మన దుకాణాల్లో వాడే చిన్న యూపీఎస్‌లు మెయిన్స్ ఉన్నంతసేపూ ఆ కరెంటునే దాదాపు ఉన్నదున్నట్టు బయటికి పంపుతాయి. కరెంటు పోయిన కొన్ని మిల్లీసెకన్లలో లోపలి రిలే మారి బ్యాటరీ నుంచి తయారైన కరెంటు వస్తుంది. ఆ మధ్యలో సరఫరా తెగే కాలం వల్ల సిస్టం ఆగిపోతోందని చాలామంది అనుకుంటారు. 50 హెర్ట్‌జ్ కరెంటులో ఒక ఆవృతి 20 మిల్లీసెకన్లు. మంచి ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్‌లో దాచుకున్న శక్తితో భారీ లోడు మీద కూడా 16 మిల్లీసెకన్ల దాకా నెట్టుకురావాలని ప్రమాణం కోరుతుంది. మీ సిస్టం లాగేది 550లో ఐదో వంతు కూడా ఉండకపోవచ్చు కాబట్టి ఆ నిలవ ఇంకా ఎక్కువసేపు వస్తుంది. అందువల్ల రిలే ఆలస్యం ఒక్కటే కారణమని నేను అనుకోను.

అసలు చిక్కు ఆ కరెంటు ఆకారంలో ఉంది. గోడ ప్లగ్గులో వచ్చేది నునుపుగా లేచి దిగే సైన్ అల. చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చేది మెట్లు మెట్లుగా ఉంటుంది: ఒక్కసారిగా పైకి ఎగిరి, కాసేపు అక్కడే నిలిచి, సున్నాకు పడి, ఆగి, మళ్లీ కిందికి దూకుతుంది. మీ పాత ఎస్‌ఎంపీఎస్‌కు ఈ తేడా పట్టదు. దానిలో డయోడ్లు, కెపాసిటర్లు మాత్రమే ఎదురుగా ఉంటాయి, అల శిఖరం దగ్గర ఒక గుక్క తాగి మిగతా సమయం ఊరుకుంటాయి. కొత్తదానిలో ఆక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది. బ్రాంజ్ ముద్ర వేయించుకోవాలంటే పవర్ ఫ్యాక్టర్, అంటే లాగే కరెంటు వోల్టేజీ అలతో కలిసి నడిచే తీరు, బాగుండాలన్న నియమం ఉంది కాబట్టి దాన్ని పెట్టక తప్పదు. అది వచ్చే వోల్టేజీ ఆకారాన్ని నిరంతరం గమనిస్తూ, తాను లాగే కరెంటు కూడా అదే ఆకారంలో ఉండేట్టు చూసుకుంటూ, లోపల సుమారు 380 నుంచి 400 వోల్టుల డీసీని నిలబెడుతుంది. నునుపైన అలకు అలవాటుపడిన ఆ సర్క్యూట్‌కు హఠాత్తుగా మెట్లు ఎదురైతే కొన్ని డిజైన్లు సర్దుకుంటాయి, కొన్ని తడబడతాయి. తడబడినప్పుడు లోపలి డీసీ పడిపోతుంది, సోల్డరింగ్_కడ్డీ గారు చెప్పిన బూడిద రంగు వైరులోని కబురు ఆగిపోతుంది, మదర్‌బోర్డు వెంటనే సిస్టాన్ని ఆపేస్తుంది. ఇందులో ఎస్‌ఎంపీఎస్ చెడిపోయింది లేదు, యూపీఎస్ చెడిపోయింది లేదు. ఇద్దరూ మంచివాళ్లే, కాపురం కుదరలేదు.

రెండు పరీక్షలతో దీన్ని నిర్ధారించుకోవచ్చు. సిస్టం ప్లగ్గు తీసేసి, యూపీఎస్ మీద 60 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు పెట్టి, మెయిన్ స్విచ్ ఆపి చూడండి. బల్బు ఐదు నిమిషాలు నిలకడగా వెలిగితే బ్యాటరీ మీద అనుమానం వదిలేయవచ్చు. తర్వాత, మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే, సిస్టాన్ని ఒక పూట దాని మీద నడిపించి, కావాలనే కరెంటు ఆపి చూడండి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని ఆ వైపు పెట్టకపోతే మార్పిడి నెమ్మదిగా జరిగి, మీ పరీక్ష మిమ్మల్నే తప్పుదారి పట్టిస్తుంది. ఇన్వర్టర్ మీద సిస్టం ఆగకపోతే కారణం దొరికినట్టే.

ఇంకొక చిన్న మాట. కొత్త ఎస్‌ఎంపీఎస్ చీటీ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని ఉందేమో చూడండి. అలా ఉంటే సాయంత్రాలు వోల్టేజీ 180కి పడిపోయినా అది పట్టించుకోదు, దాని కోసం విడిగా స్టెబిలైజర్ కొనాల్సిన పని లేదు.


వంశధార_గట్టు

సోల్డరింగ్_కడ్డీ గారికి, గంటస్తంభం మాస్టారికి కృతజ్ఞతలు. నిన్న రాత్రి దుకాణం మూశాక కూర్చుని మీరు చెప్పినవన్నీ చేశాను.

ఖాళీగా ఉన్నది 20వ పిన్నే. డోర్లు తీసి ఉండగా కొలతలు ఇలా వచ్చాయి: ఊదా 5.04, పసుపు 12.08, ఎరుపు 5.03, నారింజ 3.31. ఆకుపచ్చ వైరు దగ్గర 4.6 ఉండి, బటన్ నొక్కగానే 0.1కి పడింది. బూడిద వైరు దగ్గర 5 వచ్చింది. ముందు వైపు డోరు మాత్రమే బిగిస్తే ఆరుకు ఆరుసార్లూ లేచింది. వెనుక డోరు బిగించగానే రెండోసారికే మొరాయించింది. నిజం చెప్పాలంటే ఆ వెనుక డోరును ప్రతిసారీ మోకాలితో అదిమితే గానీ స్క్రూలు పట్టేవి కావు. కొత్తదాని కేబుళ్లు లావుగా ఉన్నాయి కాబట్టి అలాగే ఉంటుందనుకున్నాను.

వై కేబులును పీకి వెలుతురులో చూస్తే అది మీరు చెప్పిన ప్లాస్టిక్ ముద్ద రకమే. ఒక సాటా ప్లగ్గులో పసుపు, నల్ల వైర్లు దిగే చోట గోధుమ రంగు మచ్చ ఉంది. మీటర్‌ను బీప్ దగ్గర పెట్టి ఆ రెండు వైర్ల మధ్య చూస్తే ఊరికే ఉన్నప్పుడు శబ్దం లేదు, ప్లగ్గును ఒక పక్కకు వంచితే కూత పెట్టింది. దాన్ని తీసేసి, హార్డ్ డిస్కులు రెండింటినీ పై అరలోకి మార్చి, కొత్తదాని సొంత సాటా ప్లగ్గులే తగిలించాను. డోర్లు రెండూ బిగించి, బల్ల కింద పెట్టి, పన్నెండుసార్లు ఆన్ చేస్తే పన్నెండుసార్లూ లేచింది. ఇక్కడ ఒక అనుమానం: పాత ఎస్‌ఎంపీఎస్ ఇదే కేబులుతో ఐదారేళ్లు ఎలా నడిచింది?

యూపీఎస్ మీద బల్బు పరీక్ష చేశాను, ఐదు నిమిషాలూ నిలకడగా వెలిగింది. మేడ మీద మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, దాని పరీక్ష ఈ రోజు చేస్తాను.

ఈ తతంగంలో ఇంకొకటి బయటపడింది. సిస్టం ఆన్‌లో ఉండగా క్యాబినెట్ అంచును చెప్పులు లేని కాళ్లతో నిలబడి తాకితే చీమ కుట్టినట్టు చురుక్కుమంటోంది. మీటరుతో క్యాబినెట్‌కూ న్యూట్రల్‌కూ మధ్య చూస్తే 104 వోల్టులు చూపించింది. పాతదానితో ఎప్పుడూ ఇలా లేదు. ఇది మాత్రం కొత్తదాని లోపమే కదా?


సోల్డరింగ్_కడ్డీ

పాతది ఎలా నడిచిందన్న మీ అనుమానానికి: అంతకుముందు ఆ కేబులు ఇంతగా నలగలేదు కాబట్టి నడిచి ఉండవచ్చు. లేదా అప్పుడప్పుడు తగులుతూనే ఉన్నా, క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లలో రక్షణ సర్క్యూట్లు అంతంతమాత్రం కాబట్టి, అది గుర్తించక ఆ భారాన్ని మోసి ఉండవచ్చు. ఆ గోధుమ మచ్చ ఒక్క వారంలో పడేది కాదు. పాతది పేలిపోవడానికి కరెంటు మూడుసార్లు పోయి రావడం ఒక్కటే కారణమని మీరు అనుకుంటున్నారు, ఆ కేబులుకు కూడా అందులో వాటా ఉందని నేను అనుకుంటున్నాను. పోయినదాన్ని విప్పి చూస్తే గానీ ఇది తేలదు.


ఉద్దానం_కుర్రాడు

అన్నయ్యా, పలాస నుంచి రాస్తున్నాను. ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఆ చురుకు ఎస్‌ఎంపీఎస్ లోపం కాదు, మీ దుకాణంలో ఎర్తింగ్ లేదు. మంచి ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు లోపలికి వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చొప్పున అందులో చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్తింగ్ ఉంటే వాటి గుండా వచ్చే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తింగ్ లేకపోతే పోయే దారి లేక, బాడీ మీద దాదాపు సగం వోల్టేజీ దగ్గర నిలుస్తుంది. మీకు వచ్చిన 104 అదే. చవక ఎస్‌ఎంపీఎస్‌లలో ఖర్చు మిగులుతుందని ఆ ఫిల్టర్‌నే ఎగ్గొడతారు కాబట్టి పాతదానితో మీకు చురుకు తగలలేదు, ఎర్తింగ్ అప్పుడు కూడా లేదు.

ఆ చురుకులో ప్రాణానికి ముప్పు తెచ్చేంత కరెంటు ఉండదు గానీ, దాన్ని అలా వదిలేయకూడదు. రేపు ఎస్‌ఎంపీఎస్‌లోనో, జిరాక్సు మిషన్‌లోనో ఫేజు వైరు బాడీకి తగిలితే అప్పుడు వచ్చేది చురుకు కాదు. ఎవరైనా ప్లగ్గు బాక్సులోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తే సరిపోతుందని చెబితే ఒప్పుకోవద్దు. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున మీ క్యాబినెట్ మొత్తం 230 వోల్టుల మీద కూర్చుంటుంది. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూసే పద్ధతి కూడా మీరు సొంతంగా చేయకండి. ఎర్త్ లేని చోట అలా చేస్తే, ఆ లైనులో ఉన్న మిషన్ల బాడీలన్నింటికీ ఫేజు వస్తుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ప్లగ్గు బాక్సు విప్పి చూడమనండి, చాలా దుకాణాల్లో ఎర్త్ వైరు బోర్డు దాకా వచ్చి అక్కడే చుట్ట చుట్టి ఉంటుంది. గొయ్యి తీసి ఉప్పు, బొగ్గు వేసి పైపు దింపిన ఎర్తింగే అయినా, మా ఇసుక నేలలో లాగా వేసవిలో ఎండిపోతే పని చేయదు, నీళ్లు పోస్తూ ఉండాలి. పనిలో పనిగా మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన తర్వాత మా వైపు స్తంభాలన్నీ పడిపోయి, రోజుల తరబడి జనరేటర్ల మీదే బతికాం. ఆ రోజుల్లో ఎర్తింగ్ లేకుండా, వోల్టేజీ చూసుకోకుండా జనరేటర్ తగిలించి టీవీలు, సీపీయూలు పోగొట్టుకున్న ఇళ్లకు తర్వాత నేనే వెళ్లి పని చేశాను.


వంశధార_గట్టు

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. మాస్టారు చెప్పినట్టు సిస్టాన్ని మేడ మీదికి తీసుకెళ్లి, ఇన్వర్టర్ స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌కు మార్చి, మెయిన్ ఎనిమిదిసార్లు ఆపి వేశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. అదే రోజు సాయంత్రం మళ్లీ కింద పాత యూపీఎస్ మీద పెట్టి చూస్తే మూడింటిలో రెండుసార్లు ఆగిపోయింది. కొత్త యూపీఎస్ కొనడం ఈ నెలలో కుదరదు కాబట్టి, ఎలక్ట్రీషియన్‌తో ఇన్వర్టర్ నుంచి దుకాణంలోకి ఒక విడి లైను దింపించాను. పాత యూపీఎస్ ఇప్పుడు రూటరుకు, బిల్లింగ్ దగ్గరి చిన్న లైటుకు పనికొస్తోంది.

తమ్ముడు చెప్పినట్టే ఎర్త్ వైరు ప్లగ్గు బాక్సు వెనుక టేపు చుట్టి వదిలేసి ఉంది. ఎలక్ట్రీషియన్ దాన్ని కలిపాక క్యాబినెట్ దగ్గర కొలిస్తే ఒక వోల్టు కూడా చూపించలేదు. ఆర్‌సీసీబీ వచ్చే వారం పెడతామన్నారు. ఎస్‌ఎంపీఎస్‌ను వాపసు ఇవ్వలేదు, ఆ గడువు మొన్ననే దాటిపోయింది.

ఆ వై కేబులును మళ్లీ ఎవరూ వాడకుండా ప్లగ్గుల దగ్గర కత్తిరించేశాను. కడ్డీ గారు కావాలంటే మచ్చ ఉన్న ముక్కను శ్రీకాకుళం వచ్చినప్పుడు ఇస్తాను. రథసప్తమి కరపత్రాల ఫైలు నిన్న రాత్రి తొమ్మిదింటికి ప్రెస్సుకు పంపాను. పని మధ్యలో కరెంటు రెండుసార్లు పోయింది.


సోల్డరింగ్_కడ్డీ

తప్పకుండా తీసుకురండి. విప్పి లోపల పోగులు ఎక్కడ తాకాయో చూసి ఇక్కడే ఫొటో పెడతాను. వచ్చేటప్పుడు పేలిపోయిన ఆ పాత ఎస్‌ఎంపీఎస్‌ను ఇంకా పారేయకపోతే దాన్ని కూడా సంచిలో వేసుకోండి.